పల్లె వైద్యమునకు మూడవ పాదము

నివసింపదగిన ఊరికి ఏమేమి ఉండవలయునో బద్దెన తన సుమతీ శతకమున ఒక చిన్న పద్యములో లెక్కించి చెప్పెను. బడిలో అడుగిడిన ప్రతి తెలుగు బిడ్డకును ఆ పద్యము కంఠస్థమే. ధనసహాయము చేయువాని సరసన, ఎండిపోని నీటివసతి సరసన ఆతడు వైద్యునికి చోటు కల్పించెను. వైద్యుడు లేని ఊరు ఊరు కాదని ఆ నీతివేత్త తీర్పు. అంతకంటె ఎంతయో ప్రాచీనమైన చరకసంహిత ఈ విషయమునే మరికొంత లోతుగా విచారించినది. చికిత్సకు నాలుగు పాదములు కలవనియు, అవి వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అనియు, ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములుండవలయుననియు అందలి సూత్రస్థానము చెప్పుచున్నది. మూడవ పాదమైన పరిచారకునకు ఉండవలసిన గుణములు ఉపచారవిధానము తెలిసియుండుట, దక్షత, రోగియెడ అనురాగము, శుచిత్వము.

బల్లకైనను మంచమునకైనను ఒక కాలు పొట్టియైనచో తక్కిన మూడును ఎంత బలముగా నున్నను ప్రయోజనము లేదు. పల్లె వైద్యముగూర్చి జరుగు చర్చలలో వైద్యుల కొరత వినవచ్చును; మందుల కొరత వినవచ్చును; రోగుల అజ్ఞానమును నిందించుటయు వినవచ్చును. పరిచారక పాదముమాట మాత్రము అరుదుగా వినబడును. వాకిట నిలిచి పసిబిడ్డను తూచునది, జ్వరపడినవాని రక్తపుచుక్క తీయునది, క్షయరోగిచేత మాత్ర మ్రింగించునది, మంచము పట్టిన వృద్ధుని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టునది ఆ పాదమే. దానిని నిర్మించుట, నిర్మించినదానిని నిలుపుట అను రెండు పనులలో ఈ దేశము మొదటిదానిని సగము చేసినది. రెండవదానిని ఇపుడిపుడే తలపెట్టుచున్నది.

వెనుకటి చరిత్రను కొంత తడవుట అవసరము. 1943లో నియమితమై 1946లో తన నివేదికను సమర్పించిన భోర్ సంఘము గ్రామసీమలకు ప్రాథమికారోగ్య కేంద్రము అను భావమును ప్రసాదించినది. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకముతో ఆ కేంద్రములు నేలపై వెలయసాగెను. అయితే ఆ సంఘమే మరియొక సిఫారసును గూడ చేసినది. అంతకుముందు తక్కువకాలపు చదువుతో పట్టము పొందిన ఎల్.ఎం.పి. వైద్యులు చిన్న పట్టణములలోను పెద్ద గ్రామములలోను వైద్యము చేయుచుండిరి. ఇకమీదట దేశమునకు ఒక్క తరగతి వైద్యుడే చాలుననియు, ఆతడు పూర్తి పట్టభద్రుడే కావలయుననియు సంఘములోని అధికసంఖ్యాకులు నిర్ణయించిరి. కొందరు సభ్యులు విభేదించిరి. ఎల్.ఎం.పి. చదువు క్రమముగా అంతరించెను. పట్టభద్రులు పెరిగిరి, కాని వారిలో అధికులు పట్టణములలోనే నిలిచిరి.

ఖాళీయైన చోటు ఖాళీగా నుండదు. తెలుగు పల్లెలలో ఆ చోటును ఆక్రమించినవాడు జనులు ఆర్.ఎం.పి. డాక్టరని పిలుచుకొను వ్యక్తి. ఆ మూడక్షరములు ఒకనాడు రిజిస్టరైన వైద్యునకు గుర్తు. నేడు పల్లెలో అవి చాలవరకు రిజిస్టరు కానివానికే పేరైనవి. అర్ధరాత్రి పిలిచినను సైకిలుపైనో మోటారు సైకిలుపైనో వచ్చును, బాకీ పెట్టనిచ్చును, రోగి ఇంటివారి పేర్లన్నియు ఎరుగును. దానితోపాటు అవసరము లేని ఇంజక్షన్లు, ఇష్టానుసారముగా స్టెరాయిడ్లు, సగము సగము యాంటీబయాటిక్కులు వచ్చును. ఆతనిని తిట్టుట సులభము. ఆతనియందలి మూడు గుణములను, అనగా దగ్గరగా నుండుట, పిలిచినపుడు పలుకుట, చనువు కలిగియుండుట అను వానిని, శిక్షణ పొందినవారియందు కల్పించుట కష్టము. ఆ కష్టమైన పనియే చేయవలసిన పని. మూడేండ్ల చదువుతో గ్రామీణ వైద్యులను తయారుచేయుటకు అస్సాము రాష్ట్రము 2004లో చేసిన చట్టము 2014లో అచ్చటి హైకోర్టులోను, 2023లో సుప్రీంకోర్టులోను నిలువలేదు. కాబట్టి అడ్డదారులకంటె పరిచారక పాదమును బలపరచుటయే సూటియైన మార్గము.

ఆ పాదము బలహీనమగుటకు ఒక సాంఘిక కారణము కలదు. పూర్వము పల్లెలో పురుడు పోసినది మంత్రసాని. తరచుగా ఆమె మంగలి కులస్త్రీ. బిడ్డను భూమిమీదికి తెచ్చిన చేతులనే మైలచేతులని దూరముంచిన సమాజమిది. పరుల దేహమును తాకి చేయు సేవ తక్కువ పని యను ఆ భావమే నర్సువృత్తిపైకిని ప్రాకినది. గుంటూరునకు 1883లో వచ్చి 1898లో స్త్రీల ఆసుపత్రిని నెలకొల్పిన అన్నా కుగ్లర్ వంటి మిషనరీ వైద్యుల కాలమున నర్సు శిక్షణకు వచ్చిన బాలికలలో క్రైస్తవ కుటుంబములవారే హెచ్చు. ఇతరులు తమ ఆడపిల్లలను పంపుటకు సంకోచించిరి. ఆ సంకోచమును వదలించుటకు పూనుకొన్నవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ముఖ్యురాలు. ఆమె అధ్యక్షతన 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును ప్రారంభించెను. చిన్ననాట చదువు మానివేసిన వితంతువులు, నిరాధారలు రెండుమూడేండ్లలో పరీక్షకు కూర్చుండి ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా మారుటకు అది దారి చూపినది. పల్లెకు కావలసిన సేవకురాలిని పల్లెనుండియే తీసికొని తీర్చిదిద్దవచ్చునను సూత్రము అందు స్పష్టముగా కనబడును.

అదే సూత్రమును ఆధారముగా గొని 1977 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వము గ్రామమునకు ఒక ఆరోగ్య కార్యకర్తను ఏర్పరచినది. మూడునెలల శిక్షణ, నెలకు ఏబది రూపాయల భృతి. అయితే ఎంపికైనవారిలో పురుషులే ఎక్కువ. తల్లీబిడ్డల విషయములు వారితో చెప్పుకొను స్త్రీలు తక్కువ. వెనుకనుండి చూచువారు లేక, మందుల సరఫరా లేక ఆ పథకము కాలక్రమమున పేరునకు మాత్రము మిగిలి ఆరిపోయెను.

కాని అదే కాలమున మహారాష్ట్రములోని రెండు మూలప్రదేశములలో వేరొక చరిత్ర నడచినది. జాంఖేడ్‌లో 1970లో రజనీకాంత్, మేబెల్ ఆరోలే దంపతులు చదువురాని స్త్రీలను, దళితస్త్రీలను సైతము గ్రామారోగ్య సేవికలుగా తీర్చిరి. ఒక్కసారి శిక్షణ ఇచ్చి విడిచిపెట్టక, వారిని మాటిమాటికి రప్పించి, ఊరిలో ఎదురైన చిక్కులను వారిచేతనే చెప్పించి నేర్పిరి. ఆ దంపతులకు 1979లో మెగసెసే పురస్కారము లభించినది. తెలంగాణ సరిహద్దున, తెలుగు మాటాడువారు కూడ నివసించు గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లె స్త్రీలకు నవజాతశిశు సంరక్షణ నేర్పిరి. ఊపిరి అందని శిశువునకు ఊపిరి అందించుట, బిడ్డ ఒంటివేడి నిలుపుట, సూక్ష్మజీవుల విషము రక్తమున వ్యాపించు లక్షణములను గుర్తెరిగి మందిచ్చుట ఆ శిక్షణలోని అంశములు. 39 గ్రామములలో జరిగిన ఆ ప్రయత్నమున మూడవ సంవత్సరమునకు నవజాతశిశు మరణములు, పోల్చి చూచిన గ్రామములకంటె, 62 శాతము తగ్గినట్లు 1999లో వైద్యపత్రికయందు వెల్లడియైనది. పెద్ద చదువు లేని స్త్రీ చేతికి సరియైన విద్యయు, సరియైన పరికరమును, వెనుక నిలుచు గురువును లభించినచో ఏమి జరుగునో ఆ అంకె చెప్పుచున్నది.

ఈ అనుభవముల ఫలమే 2005 ఏప్రిల్ 12న ఆరంభమైన జాతీయ గ్రామీణారోగ్య మిషన్ సృష్టించిన ఆశా కార్యకర్త. వేయిమంది జనమునకు ఒక స్త్రీ. ఆ ఊరి కోడలో, కూతురో కావలయును. 2011నుండి గడ్చిరోలి పద్ధతి ననుసరించి, ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఇంటికి వచ్చిన తరువాత మూడవ దినము మొదలు నలువదిరెండవ దినము వరకు ఆమె పలుమార్లు చూచి రావలయును. 2005-06లో దేశమున నూటికి 38.7 పురుళ్లు మాత్రమే ఆరోగ్యసంస్థలలో జరుగగా 2019-21 నాటికి అవి 88.6 అయ్యెను. లక్ష సజీవ జననములకు 2004-06లో 254గా నున్న మాతృమరణములు 2018-20 నాటికి 97కు తగ్గెను; ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు దిగెను. ఈ యశస్సంతయు ఆశాలదే యనుట అతిశయోక్తి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 వాహనములకు, రోడ్లకు, బాలికల చదువునకు, గర్భిణులకిచ్చు ధనసహాయమునకు అందు పాలు కలదు. కాని వాహనము వీధి మొగవరకే వచ్చును. అచ్చటినుండి గడపలోనికి నడచి, భయపడు అత్తగారిని ఒప్పించి, నొప్పులు పడు కోడలి చేయి పట్టుకొని వాహనమెక్కించినది ఆశాయే.

ఇట్టి సేవకురాలికి లోకమిచ్చిన పేర్లను భాషాభిమానులు ఒకమారు పరిశీలింపవలసియున్నది. ఆమె ఉద్యోగిని కాదు, స్వచ్ఛంద సేవిక. ఆమె తీసికొనునది జీతము కాదు, గౌరవ వేతనము, కొన్నిపనులకు ప్రోత్సాహకము. పదములు మృదువుగా నున్నవి. అర్థము కఠినముగా నున్నది. గౌరవ వేతనము అను సమాసమున గౌరవమును వేతనమును రెండును వినబడుచున్నవి. వేతనమడిగినపుడు ఇది గౌరవమే యందురు. గౌరవమడిగినపుడు వేతనమిచ్చుచున్నాము గదా యందురు. మంత్రసానితనమునకు ఒప్పుకొన్న తరువాత ఏది వచ్చినను పట్టవలసినదే యను సామెత ఆమె విషయమున అక్షరసత్యమైనది. గర్భిణుల జాబితాతో మొదలైన పని క్షయ, కుష్ఠు, మలేరియా, మధుమేహము, రక్తపోటు సర్వేలవరకు పెరిగినది. వ్రాతపని పుస్తకమునుండి ఫోనులోనికి వచ్చి రెండింతలైనది. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు ఇతరులు తలుపులు మూసికొనగా ఆమె ఆ తలుపులను తట్టుచు తిరిగినది. 2022 మే నెలలో ప్రపంచారోగ్య సంస్థ భారతదేశపు పదిలక్షలకు పైబడిన ఆశాలను పురస్కారముతో సన్మానించెను. సన్మానము మంచిదే. శాలువ చలిని ఆపును గాని ఆకలిని ఆపదు.

మార్పు బొత్తిగా లేదనుట న్యాయము కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆశాల నెలసరి భృతిని పదివేల రూపాయలు చేసిరి. 2025 మార్చిలో గ్రాట్యుటీ, తొలి రెండు కాన్పులకు ఆరునెలల వేతనముతో కూడిన సెలవు, అరువదిరెండేండ్ల వరకు కొనసాగింపు ప్రకటించిరి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలును సహాయికలును 1972 నాటి చట్టము ననుసరించి గ్రాట్యుటీకి అర్హులని తీర్పు చెప్పెను. ఇవి మంచి అడుగులు. కాని అన్ని రాష్ట్రములలోను ఒకే తీరు లేదు. పింఛను, వారాంతపు విశ్రాంతి అను మాటలు ఇంకను కోరికల పత్రములలోనే యున్నవి.

దీనికి కొందరు పెద్దలు ఒక అభ్యంతరము చెప్పుదురు. సేవలో జీతము ప్రవేశించినచో సేవాభావము నిష్క్రమించునట. జాంఖేడ్ స్త్రీలు జీతమునకై పనిచేయలేదు గదా యని దృష్టాంతము చూపుదురు. ఆ దృష్టాంతమును చివరివరకు చదువవలయును. ఆరోలే దంపతులు ఆ స్త్రీలతో కలిసి ఒక్క ప్రాంతమున జీవితమంతయు గడపిరి. వారి బ్రదుకుతెరువునకు వేరు దారులు కూడ చూపిరి. అంతటి ఆత్మీయత కొన్ని పల్లెలకు సాధ్యము. పదిలక్షలమందిచేత లెక్కలు వ్రాయించి, లక్ష్యములు విధించి, సంజాయిషీలు అడుగు ప్రభుత్వమునకు అది సాధ్యము కాదు. సంజాయిషీ అడుగు హక్కు ఉన్నచోట జీతమిచ్చు బాధ్యతయు ఉండవలయును.

ఈ వాదమును అందరికంటె బాగుగా ఎరుగవలసినవారు ఉపాధ్యాయులు. బతకలేక బడిపంతులు అను మాట తెలుగునాట ఒకప్పుడు జీతపురాళ్ల దుస్థితినుండి పుట్టినది. నెలల తరబడి జీతమందక, ఊరివారిచ్చు కూరగాయలతో కాలము గడపిన ఏకోపాధ్యాయుల తరము ఒకటి కలదు. వారి త్యాగమును కొనియాడినవారుండిరి. వారి సంసారమును పట్టించుకొన్నవారు తక్కువ. తరువాత సంఘములు ఏర్పడెను; జీతములు, పింఛనులు వచ్చెను. అందువలన విద్యాదానము చెడినదని నేడెవ్వరును అనరు. బడి నిలిచినదనియే అందురు. పంతులకు చెల్లిన న్యాయము పరిచారకురాలికి చెల్లకుండుటకు కారణమేమి? ఆమె స్త్రీ యగుటయు, ఆమె పని ఇంటిపనిని పోలియుండుటయు తప్ప వేరొక కారణము వెదకినను దొరకదు.

జీతముతోనే పని ముగియదు, నిచ్చెనయు కావలయును. ఇరువదియైదేండ్లకు ఆశాగా చేరిన స్త్రీ అరువదేండ్లకును ఆశాగానే విరమించుట న్యాయము కాదు. కొన్ని రాష్ట్రములు ఎ.ఎన్.ఎం. శిక్షణలో ఆశాలకు కొన్ని స్థానములు ప్రత్యేకించినవి. ఆ పద్ధతి అంతటను స్థిరపడి, ఎ.ఎన్.ఎం.నుండి నర్సు, నర్సునుండి 2018 తరువాత ఉపకేంద్రములలో నియమితులగుచున్న సామాజికారోగ్య అధికారి వరకు మెట్లు అమరవలయును. మైదానమున అయిదువేలమందికి, కొండప్రాంతమున మూడువేలమందికి ఒక ఉపకేంద్రము ఉండవలయునని నియమము. అచ్చట పనిచేయు యువతికి తాళము పడు తలుపు, మరుగుదొడ్డి, మంచినీరు, రాత్రివేళ ప్రయాణమునకు తోడు లేనిచో నియామకపత్రము కాగితముగానే మిగులును. పాడేరు కొండలలో దారి లేక డోలీలపై గర్భిణులను మోసికొని వచ్చిన వార్తలు పత్రికలకు కొత్త కావు. అట్టిచోట పట్టణపు వైద్యుని బలవంతముగా నిలుపుటకంటె, ఆ గూడెపు భాష తెలిసిన ఆ గూడెపు బాలికనే చదివించి నిలుపుట మేలు.

శిక్షణ పొందిన మంత్రసానివిద్యకు గల అవసరమునకు తెలంగాణమే నిదర్శనము. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము అచ్చట నూటికి 60.7 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. దేశములో అదియే అత్యధికము. పురుడు ఆసుపత్రికి చేరినది. కాని ఓపికతో ప్రక్కన కూర్చుండి సహజ ప్రసవమునకు తోడ్పడు చేతులు అచ్చట చాలలేదు. ఆ రాష్ట్రమే 2017లో కరీంనగరములో నర్సులకు వృత్తిపరమైన మిడ్‌వైఫరీ శిక్షణ నారంభించుట, 2018లో కేంద్రము దేశమంతటికి అట్టి మార్గదర్శకములను వెలువరించుట శుభసూచకములు. ఒకనాడు మైల యని దూరముంచిన విద్యను నేడు విశ్వవిద్యాలయము పట్టముగా నీయవలసి వచ్చుట కాలము చెప్పిన తీర్పు.

ఇంతవరకు చెప్పినది పేరు, పుస్తకము, చీర రంగు కలిగిన సేవికలనుగూర్చి. అవి యేవియు లేని పరిచారకులు మరికొందరు కలరు. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము కొబ్బరితోటలకును జీడిమామిడికిని ప్రసిద్ధము. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో దశాబ్దములుగా మూత్రపిండముల వ్యాధి ప్రబలియున్నది. మూలకారణము నేటికిని నిర్ధారితము కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధనాకేంద్రముతోకూడిన ఆసుపత్రియు, దూరమునుండి మంచినీరు తెచ్చు పథకమును ప్రారంభమైనవి. డయాలిసిస్ వారమునకు రెండుమూడుమార్లు, ఒక్కొక్కమారు నాలుగు గంటలు. రోగి వెంట ఇంటినుండి మరియొకరు వెళ్లవలయును. ఆ దినము ఆమెకు కూలి లేదు. ఎంత నీరు త్రాగవలయునో కొలచి ఇచ్చునది, ఉప్పు తగ్గించి వేరుగా వండునది, కాళ్లవాపు చూచునది ఆ భార్యయో కోడలో చదువు మానిన కూతురో. ఆమె సేవ ఏ లెక్కలోను చేరదు. ఆమె నడుమునొప్పి ఏ చీటీలోను ఎక్కదు.

ఇట్టివారికి తోడు కల్పించు మార్గము కేరళ చూపినది. 1993లో కోళిక్కోడులో చిన్నగా మొదలైన బాధోపశమన వైద్యము, ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగి యింటికి పోవు వ్యవస్థగా పెరిగి, 2008లో రాష్ట్రవిధానమైనది. వారమునకొకమారు నర్సు వచ్చి పుండు కడిగి, నొప్పికి మందిచ్చి, ఇంటివారికి ఎట్లు ఎత్తవలయునో ఎట్లు త్రిప్పవలయునో చూపిపోవును. పొరుగువారొకరు రెండుగంటలు రోగిచెంత కూర్చుందురు; ఆ రెండుగంటలు ఇంటి ఇల్లాలికి నిద్ర. పంచాయతీ దానికి నిధిని కేటాయించును. తెలుగు పల్లెలలో మహిళా పొదుపు సంఘములు వేళ్లూనియున్నవి. వానికి ఈ పనిని నేర్పి, పనికి తగిన కూలి యిచ్చినచో అసాధ్యము కాదు.

పాఠశాలకు ఇందు పాత్ర యేమనిన, చాల కలదు. 2020 ఫిబ్రవరిలో ఆరంభమైన పాఠశాలారోగ్య కార్యక్రమము ప్రతి పాఠశాలనుండి ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా ఎన్నుకొనుమన్నది. ఆ పేరు హాజరుపుస్తకపు అట్టపై నిలిచిపోరాదు. ఉపకేంద్రపు నర్సును నెలకొకమారు తరగతికి పిలిచి పాఠము చెప్పించినచో బాలురకు ఆరోగ్యము తెలియును. ఆమెకు గౌరవము తెలియును. పదవ తరగతి ముగించిన విద్యార్థులకు ఇంజనీరు, డాక్టరు అను రెండు మాటలే వినిపించు ఊరిలో నర్సు, ఫార్మసిస్టు, ల్యాబు టెక్నీషియను, ఫిజియోథెరపిస్టు అను మాటలను గూడ పలుకవలసినవాడు ఉపాధ్యాయుడు. నర్సువృత్తి ఆడపిల్లలదే యను భ్రమను తొలగింపవలసినవాడును ఆతడే. అన్నిటికంటె ముఖ్యముగా, తరచుగా బడికి రాని బాలిక పేరును కొట్టివేయుటకు ముందు ఆమె యింట మంచముపై ఎవరున్నారో విచారించుట ఉపాధ్యాయ ధర్మము. ఆ పదమూడేండ్ల పిల్లయు ఈ దేశపు పరిచారకులలో ఒకతె. ఆమె భుజముపైనుండి ఆ బరువును దింపి, పెద్దవారి చేతికి జీతముతో, శిక్షణతో అప్పగించుట సమాజ ధర్మము.

చరకుడు పరిచారకునినుండి నాలుగు గుణములు కోరెను. అనురాగము పల్లెలలో ఇప్పటికిని కొరవడలేదు. తెలివి శిక్షణవలన వచ్చును. దక్షత పరికరమువలనను అనుభవమువలనను వచ్చును. శుచిత్వమునకు నీరు, సబ్బు, చేతితొడుగులు కావలయును. అనురాగమును ఆమె యిచ్చుచున్నది. తక్కిన మూడింటిని సమకూర్చుట ప్రభుత్వమునకును పంచాయతీకిని విధి. ఆ మూడింటికి వెల కట్టి బడ్జెటులో వ్రాయు నాడే పల్లె వైద్యము నాలుగు పాదములపై నిలుచును.